షింజుకు సందుల్లో ఒక లెన్స్ వేట

మీ ఫోన్‌లో కెమెరా ఒకసారి తెరవండి. కింద 1ఎక్స్ అని కనిపిస్తోందా? దాన్ని మనం ‘నార్మల్’ అనుకుంటాం. కానీ ఫిల్మ్ కెమెరాల లెక్కలో చూస్తే చాలా ఫోన్లలో అది 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం. అంటే అచ్చమైన వైడ్ యాంగిల్. పక్కనున్న 0.5 నొక్కితే ఇంచుమించు 13 మిల్లీమీటర్లు. మా నాన్న కాలేజీ రోజుల్లో అంత వెడల్పు లెన్స్‌ని మా ఊరి స్టూడియో ఫొటోగ్రాఫర్ చూసి కూడా ఉండడు. మనం బిర్యానీ ప్లేటుకి కూడా వాడేస్తున్నాం.

మూడు నెలల ప్రాజెక్టు పని మీద టోక్యో వచ్చాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా కోడ్, కాల్స్, మళ్లీ కోడ్. శని, ఆదివారాలు మాత్రం నావి. అందులో రెండు వారాంతాలు పూర్తిగా ఒకే పనికి ఇచ్చేశాను. నా రేంజ్‌ఫైండర్ కెమెరాకి ఒక వైడ్ లెన్స్ వెతకడం. ఫుజి పర్వతం చూడలేదా అని ఆఫీసులో అడిగారు. విమానంలోంచి చూశాను, చాలు.

తొందర ఎందుకంటే, కోనసీమలో మాకో ఇల్లు ఉంది. మండువా లోగిలి. నడిమధ్య ఆకాశం కనిపించే మండువా, నాలుగు వైపులా వసారా, వసారాల వెనక చిన్న చిన్న గదులు. పంపకాలు అయిపోయాయి. ఈ సంక్రాంతికి అందరం కలుస్తున్నాం. మాఘమాసంలో పెంకులు దింపుతారు. టేకు దూలాలకి, గుమ్మాలకి బేరం కూడా కుదిరిపోయింది. అంటే ఆ ఇంట్లో మనుషులు ఉండగా ఫొటోలు తీయడానికి నాకున్నది నాలుగు రోజులు. నా దగ్గరున్నది 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కటే. దానితో ఆ గదుల్లో మొహం తీయొచ్చు, గది తీయలేం.

కిటికీలోంచి చూసే కెమెరా

రేంజ్‌ఫైండర్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు ఎస్ఎల్ఆర్ కెమెరాలో మనం లెన్స్‌లోంచే చూస్తాం. మధ్యలో ఒక అద్దం ఉండి బొమ్మని కంటికి పంపిస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో ఆ అద్దం ఉండదు. కెమెరా పైన ఓ మూలన చిన్న కిటికీ ఉంటుంది, దాంట్లోంచి చూస్తాం. లెన్స్ మూత తీయకపోయినా లోకం చక్కగానే కనిపిస్తుంది, అదో సరదా. కిటికీ మధ్యలో ఒక చిన్న మచ్చలో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. రింగు తిప్పితే ఆ రెండూ వచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అప్పుడు ఫోకస్ అయినట్టు.

మరి ఫొటోలో ఎంత పడుతుందో ఎలా తెలుస్తుంది? కిటికీలో సన్నటి తెల్ల గీతలు వెలుగుతాయి. ఆ గీతల లోపలున్నది ఫొటో. బయటున్నదీ కనిపిస్తూనే ఉంటుంది. ఫ్రేములోకి రాబోతున్న పిల్లాడు రాకముందే కనిపిస్తాడు. ఈ కెమెరా మీద నా మోజంతా ఇక్కడే ఉంది.

నాది బెస్సా ఆర్2ఏ. జపాన్‌లోని కొసీనా కంపెనీ తయారుచేసింది, పైన రాసి ఉన్న పేరు మాత్రం ఫోక్ట్‌లాండర్. ఆ పేరు 1756లో వియన్నాలో పుట్టింది. కొసీనా దాన్ని తీసుకుని 1999 నుంచి రేంజ్‌ఫైండర్ కెమెరాలు, లెన్సులు తెచ్చింది. అదే ఏడాది వచ్చిన 15 మిల్లీమీటర్ల సూపర్ వైడ్ హీలియార్ లెన్స్ అప్పట్లో పెద్ద కబురు. లైకా కొనలేనివాళ్లకి, అంటే నాలాంటివాళ్లకి, ఆ కంపెనీ చేసిన మేలు ఇంతా అంతా కాదు. బెస్సాల తయారీ ఆగిపోయింది కానీ లెన్సులు ఇంకా వస్తున్నాయి.

వైడ్ లెన్స్‌కీ రేంజ్‌ఫైండర్‌కీ ఉన్న చుట్టరికం ఆ లేని అద్దం వల్ల వచ్చిందే. లైకా ఎం మౌంట్‌లో లెన్స్ కూర్చునే చోటు నుంచి ఫిల్మ్‌కి ఉన్న దూరం 27.8 మిల్లీమీటర్లు. నికాన్ ఎస్ఎల్ఆర్‌లో అది 46.5. మధ్యలో అద్దం పైకి లేవడానికి చోటు కావాలి కదా మరి. అందుకని ఎస్ఎల్ఆర్ వైడ్ లెన్స్ అద్దానికి దూరంగా నిలబడి, గాజు మీద గాజు పేర్చుకుని బొమ్మని వెనక్కి తోయాలి. లావవుతుంది. రేంజ్‌ఫైండర్ లెన్స్‌కి ఆ బాధ లేదు. వెనక గాజు దాదాపు ఫిల్మ్ దాకా వెళ్లి కూర్చోవచ్చు. లుడ్విగ్ బెర్టెలే డిజైన్ చేసిన జైస్ బయోగాన్ 21 మిల్లీమీటర్ల లెన్స్ 1954లోనే ఈ వెసులుబాటుని పూర్తిగా వాడుకుంది. చిన్నగా ఉంటుంది, గోడలు వంకర పోవు. ఇల్లు తీయాలనుకునేవాడికి గోడలు నిటారుగా ఉండటం కంటే ఏం కావాలి?

కూమోరి, కాబి

షింజుకు స్టేషన్ ప్రపంచంలోకెల్లా రద్దీ స్టేషన్ అని గిన్నిస్ రికార్డు. తప్పు గుమ్మంలోంచి బయటికొస్తే మీరు వేరే ఊళ్లో తేలినట్టే. పడమటి గుమ్మం వైపు వస్తే కెమెరా పేట. యొదొబాషి అనే మహా దుకాణం, దాని చుట్టుపక్కల సెకండ్‌హ్యాండ్ కెమెరాల షాపులు. మ్యాప్ కెమెరాలో లైకాల అద్దాల బీరువా ముందు నిలబడితే, కోఠిలో పాత పుస్తకాల బండి ముందు నిలబడ్డప్పటి ఫీలింగే. కాకపోతే ఇక్కడ ధర చూశాక చేతులు వాటంతటవే జేబులోకి వెళ్లిపోతాయి.

జపాన్‌ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో నాకు బాగా నచ్చింది వాళ్ల నిజాయితీ. ప్రతి లెన్స్‌కీ ఒక చీటీ ఉంటుంది. ‘బిహిన్’ అంటే చూడముచ్చటగా ఉందని. ‘ర్యోహిన్’ అంటే బాగుందని. ‘జంకు’ అంటే మీ ఖర్మ అని. దాని కింద లోపాల జాబితా. ‘కూమోరి’ అంటే లోపల మసక పట్టింది. ‘కాబి’ అంటే బూజు. ఈ రెండు మాటలు నేర్చుకోకుండా జపాన్‌లో లెన్స్ కొనకండి. కాబి ఉన్నదైతే అసలు వద్దు. కోనసీమ తేమలో ఒక్క వానాకాలం ఉంటే ఆ బూజుకి పండగే.

అడిగితే లెన్స్ తీసి, ముఖమల్ గుడ్డ పరిచిన ట్రేలో పెట్టి, రెండు చేతులతో ఇస్తారు. ఫోన్ టార్చి వేసి వెనక నుంచి ముందుకి చూడాలి. సాలెగూడు దారాల్లా ఉంటే బూజు, ఆవిరి పట్టినట్టుంటే మసక. తర్వాత అపర్చర్ రేకుల మీద నూనె ఉందేమో చూడాలి. చివరగా ఫోకస్ రింగు. ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే బరువుతో తిరగాలి. ఒక పాత క్యానన్ 28 చేతికిచ్చారు. చిన్న గోళీ సోడా మూతంత ముద్దుగా ఉంది. టార్చి వేస్తే లోపల డిసెంబరు పొగమంచు. దణ్ణం పెట్టి తిరిగి ఇచ్చేశాను.

ఈ ఊరికీ లెన్సులకీ ఉన్న అనుబంధం పాతదే. అమెరికన్ ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ 1950లో టోక్యోలో నికాన్ వాళ్ల లెన్సులు చూసి, వాటిని తన లైకాలకి తగిలించుకుని కొరియా యుద్ధానికి వెళ్లాడు. ఆ ఫొటోలు చూశాకే జపాన్ గాజు మీద పాశ్చాత్యులకి గురి కుదిరింది.

ఇక నా ముందున్న ప్రశ్న ఏంటంటే, ఎంత వెడల్పు? 35 మిల్లీమీటర్లంటే మూల నుంచి మూలకి 63 డిగ్రీలు చూస్తుంది. 28 అయితే 75. 21 అయితే 90 దాటుతుంది. 15 అయితే 110. ఆశ పుట్టేది చివరి రెండింటి మీదే. అంత డబ్బు పెట్టేటప్పుడు ఎక్కువ పట్టేది కొనాలి కదా అని మన మధ్యతరగతి లెక్క. పప్పుల షాపులో కూడా కొసరు అడిగే వంశం మాది.

భుజాలు తగిలే సందు

మా ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నారు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. నా మెడలో బెస్సా చూసిన రోజు నుంచి లంచ్‌లో నా పక్కన కూర్చుంటున్నారు. సంగతి చెప్తే, మర్నాడు ఒక చిన్న తోలు సంచి తెచ్చి ఇచ్చారు. లోపల 21 మిల్లీమీటర్ల కలర్ స్కోపార్, దాని వ్యూఫైండర్. ‘ఆదివారం దాకా ఉంచుకోండి, ముందు ఒమొయిదె యొకొచొకి తీసుకెళ్లండి’ అన్నారు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

ఒమొయిదె యొకొచొ అంటే జ్ఞాపకాల సందు అని అర్థం. షింజుకు స్టేషన్‌ని ఆనుకునే ఉంటుంది. యుద్ధం అయ్యాక బ్లాక్ మార్కెట్‌గా మొదలైన చోటు. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తిరగాల్సిందే. రెండు వైపులా యకితోరి కొట్లు. చీపుళ్లకి గుచ్చిన చికెన్ ముక్కలు బొగ్గుల మీద కాలుతుంటాయి, పొగ మన చొక్కాకి పట్టి ఇంటిదాకా వస్తుంది. ఒక్కో కొట్టులో ఎనిమిదో పదో స్టూళ్లు. కూర్చున్నవాళ్ల వీపులు సందులోకి ఉంటాయి.

21తో ఇరవై ఫొటోలు తీశాను. ఇది ఎంత హాయైన లెన్సో చెప్పాలి. ఎఫ్ 8 దగ్గర పెట్టి, ఫోకస్‌ని 1.8 మీటర్ల మీద వదిలేస్తే, 90 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా అంతా స్పష్టమే. అంటే ఫోకస్ చేయడమనే పనే లేదు. పైన తగిలించిన చిన్న ఫైండర్‌లోంచి చూడటం, నొక్కడం. సందు మొత్తం, పైన లాంతర్లు, కింద తడి నేల, రెండు వైపులా కొట్లు, అన్నీ వచ్చేశాయి.

దగ్గర్లో ఉన్న ల్యాబ్‌లో అదే రోజు డెవలప్ చేసి స్కాన్ ఇచ్చారు. తెరిచి చూస్తే సందు బ్రహ్మాండంగా ఉంది. అదే చిక్కు. సందు విశాలంగా ఉంది! కారు వెళ్లేంత వెడల్పు కనిపిస్తోంది. భుజాలు తగలడం లేదు. పొగ ఎక్కడో దూరంగా ఉంది. నేను నిలబడిన చోటుకీ ఆ ఫొటోకీ పోలికే లేదు. సీనియర్‌ నన్ను అక్కడికే ఎందుకు పంపారో అప్పుడు అర్థమైంది.

లెన్స్‌ని తిట్టి లాభం లేదు. దగ్గరిది ఎంత పెద్దగా, దూరానిది ఎంత చిన్నగా కనిపించాలన్నది లెన్స్ తేల్చదు, మనం నిలబడిన చోటు తేలుస్తుంది. కానీ వైడ్ లెన్స్ పక్కలంట బోలెడు జాగా తెచ్చి ఇస్తుంది. ఆ జాగాని అరచేతిలో స్క్రీన్ మీద చూస్తే మన బుర్ర దాన్ని విశాలం అని చదువుకుంటుంది. హైదరాబాద్‌లో ఫ్లాట్ల యాడ్‌లు చూడండి. డబుల్ బెడ్‌రూం హాల్లో టెన్నిస్ ఆడొచ్చనిపిస్తుంది. జపాన్‌లో గదుల్ని చాపల లెక్కన కొలుస్తారు. నేనుంటున్నది ఆరు చాపల గది, పది చదరపు మీటర్లు ఉంటుందేమో. బుక్ చేసేటప్పుడు చూసిన ఫొటోలో మంచం చుట్టూ ప్రదక్షిణ చేయొచ్చనిపించింది. ఇప్పుడు సూట్‌కేసు తెరవాలంటే ముందు తలుపు మూయాలి.

ఆ సాయంత్రం మా ఊరికి వీడియో కాల్ చేశాను. బాబాయి కొడుకు కొత్త ఫోన్ తీసుకున్నాడు. ఉత్సాహంగా 0.5 పెట్టి ఇల్లంతా తిప్పి చూపిస్తున్నాడు. పక్కన మా మామ్మ కూర్చుని స్క్రీన్ చూస్తోంది.

‘ఇదెవరిల్లురా?’ అంది.

‘మనదే మామ్మా. పడమటి గది.’

‘చాల్లే. మన పడమటి గది ఇంతుంటే మీ తాతయ్య వసారాలో ఎందుకు పడుకునేవారు?’

మేమందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఆ గదిలో ముగ్గురు పిల్లల్ని కన్న మనిషి. చలికాలంలో అందరూ అక్కడే పడుకుంటే కాళ్లు ముడుచుకోవడానికి కూడా వంతులేసుకునేవారట. గదిని ఫంక్షన్ హాల్ చేసి చూపిస్తే అది ఆవిడ గది ఎందుకవుతుంది?

నాకు కావాల్సింది ఇల్లంతా పట్టే లెన్స్ కాదని అక్కడ తేలిపోయింది. ఇరుకు ఇరుకుగానే కనిపించాలి. గోడ పక్కనే గోడ ఉందని తెలియాలి. మనిషి పక్కన మనిషి ఆని కూర్చున్నారని తెలియాలి. 15, 21 జాబితాలోంచి వెళ్లిపోయాయి.

టేపు, త్రికోణమితి

ఇంజనీరింగ్ చదివినందుకు అప్పుడప్పుడైనా పనికి రావాలి కదా. ముందు ఫోన్‌లో ఉన్న నా పాత ఫొటోల మీద ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ నడిపాను. ప్రతి ఫొటోలో ఏ లెన్స్‌తో తీశామో రాసి ఉంటుంది, దాన్ని లెక్కపెట్టమన్నాను. రెండేళ్లలో 0.5తో తీసినవి 212. వాటిలో నేను ఫేవరెట్ అని గుర్తు పెట్టుకున్నది ఒక్కటీ లేదు. మీరూ ప్రయత్నించండి. లెన్స్ కొనేముందు పైసా ఖర్చు లేని టెస్ట్ ఇది. 1ఎక్స్‌లో తీస్తూ ఓ వారం తిరిగితే 28 మీ చేతికి సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. కొంచెం జూమ్ చేసి 1.3, 1.4 దగ్గర పెడితే 35.

మిగిలింది 28, 35ల మధ్య పోటీ. 35 అంటే నాకు చాలా ఇష్టం. దానికో తేలికైన సూత్రం ఉంది. ఎంత దూరంలో ఉంటే ఇంచుమించు అంత వెడల్పు పడుతుంది. మూడు మీటర్ల దూరం, మూడు మీటర్ల వెడల్పు. పైగా నా బెస్సా కిటికీలో 35 గీతలున్నాయి, విడిగా ఫైండర్ కొననక్కర్లేదు. డబ్బు మిగులు.

కానీ సంక్రాంతి రోజు తీయాల్సిన ఫొటో ఒకటుంది. మండువా అంచున అందరూ వరసగా కూర్చుంటారు. పన్నెండు మంది. ఒక్కొక్కరికి అడుగున్నర వేసుకుంటే 18 అడుగులు. ఎదుటి వసారా గోడకి వీపు ఆనించి నేను నిలబడాలి. మా వసారా లోతు ఐదడుగులు, మండువా పదడుగులు, మొత్తం పదిహేను అని నా గుర్తు. 18 అడుగుల వరస పట్టాలంటే 35 లెన్స్‌కి పదిహేడున్నర అడుగుల దూరం కావాలి. గోడ పగలగొట్టాలి. మాఘమాసం దాకా ఆగితే పగులుతుంది కానీ అప్పుడు మనుషులుండరు. 28 లెన్స్‌కి 14 అడుగులు చాలు.

21 అయితే పదిన్నర అడుగులే చాలు కదా అంటారా? వైడ్ లెన్స్‌లో గీతలు నిటారుగా ఉంచాలంటే ఒక మూల్యం ఉంది. ఫ్రేము చివర్లలో ఉన్న గుండ్రటి వస్తువు పక్కకి సాగుతుంది. మనిషి తల గుండ్రటి వస్తువే. లెక్క వేస్తే 35 లెన్స్‌లో ఎడమ, కుడి అంచుల్లో ఆ సాగుడు 12 శాతం, 28లో 19 శాతం, 21లో 32 శాతం. మా కుటుంబంలో చివర కూర్చునేది ఎప్పుడూ పెద్ద కోడళ్లే. మా పెద్దమ్మకి 32 శాతం సాగిన ఫొటో చూపించే ధైర్యం నాకు లేదు.

స్తంభాల లెక్క కూడా 28కే ఓటేసింది. నేను నిలబడే వైపు మండువా అంచున రెండు స్తంభాలుంటాయి, మధ్య ఎడం ఏడడుగులు. ఐదడుగుల వెనక నుంచి చూస్తే 28కి ఆరున్నర అడుగుల లోపే పడుతుంది. స్తంభాలు బయటే ఆగిపోతాయి. 21కి ఎనిమిదిన్నర పైనే పడుతుంది, రెండు స్తంభాలూ వచ్చి ముందు నిలబడతాయి.

గ్యారీ వినోగ్రాండ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ న్యూయార్క్ వీధుల్లో లైకాకి ఎక్కువగా 28 పెట్టుకునే తిరిగాడు. 1984లో చనిపోయేనాటికి డెవలప్ కూడా చేయని రోల్స్ దాదాపు 2,500 ఉన్నాయట. ఇదే షింజుకు వీధుల్లో దశాబ్దాలుగా తిరిగిన దైదో మొరియామా చేతిలో ఉండేది రికో జీఆర్, చొక్కా జేబులో పట్టే చిన్న కెమెరా. దాని లెన్స్ కూడా 28 మిల్లీమీటర్లే. ఇద్దరి ఫొటోల్లోనూ మనుషులు మన మీదికి వస్తున్నట్టుంటారు. 28తో దూరంగా నిలబడి ఏమీ సాధించలేం. ఎదుటి మనిషి మన చెప్పుల చప్పుడు వినేంత దగ్గరికి వెళ్లాలి. టోక్యోలో అది తేలిక కాదు. ఇక్కడ అమ్మే ఫోన్లలో క్లిక్ శబ్దం ఆపడానికే వీల్లేదు, చాటుగా ఫొటోలు తీయకూడదని. గోల్డెన్ గైలో, అంటే రెండొందల దాకా బుల్లి బార్లున్న ఆ సందుల్లో, ఫొటోలు వద్దని బోర్డులు కనిపిస్తాయి. భూముల ధరలు మండిపోయిన 1980ల్లో ఆ సందుల్ని కూల్చేయాలని చూస్తే, అక్కడివాళ్లు రాత్రిళ్లు కాపలా కాసి నిలుపుకున్నారని చెప్తారు. అలాంటివాళ్లు వద్దంటే కెమెరా సంచిలో పెట్టేయడమే మర్యాద. పెట్టేశాను.

ఇద్దరు నకానోలు

రెండో శనివారం చువో లైన్ ర్యాపిడ్ ఎక్కాను. షింజుకు తర్వాత స్టేషనే నకానో. దిగగానే పైకప్పున్న బజారు వీధి, దాని చివర నకానో బ్రాడ్‌వే అనే పాత కాంప్లెక్స్. 1966 నాటిది. కామిక్ పుస్తకాలు, బొమ్మలు, పాత గడియారాల పిచ్చివాళ్లందరికీ అదే తిరుపతి. దాని దగ్గర్లోనే ఫుజియా కెమెరా. తమాషా ఏంటంటే, నా కెమెరా చేసిన కొసీనా కంపెనీ ఉన్నది కూడా నకానోలోనే. కాకపోతే అది నగానో జిల్లాలో ఉన్న వేరే నకానో. మనకి రెండు కొత్తపేటలున్నట్టు.

అక్కడ బీరువాలో మూడు 28లున్నాయి. ఒకటి జైస్ బయోగాన్ ఎఫ్ 2.8. బంగారం. ధర కూడా బంగారమే. రెండోది ఫోక్ట్‌లాండర్ అల్ట్రాన్, ఎఫ్ 2, అంటే చీకట్లో ఎక్కువ వెలుగు పట్టేది. మూడోది అదే కంపెనీ కలర్ స్కోపార్ ఎఫ్ 3.5. వెలుగు తక్కువ పడుతుంది, కానీ మన బొటనవేలంత ఉంటుంది.

పెంకుటింట్లో వెలుగు సంగతి మీకు తెలిసిందే. మిట్ట మధ్యాహ్నం మండువాలో ఎండ కళ్లు చెదరగొడుతుంది, పది అడుగులు వేసి గదిలోకి వెళ్తే సూదిలో దారం ఎక్కదు. బుద్ధి అల్ట్రాన్ అంది. కానీ ఎఫ్ 2 దగ్గర తెరిస్తే స్పష్టంగా ఉండే లోతు తగ్గిపోతుంది. ముందున్న మామ్మ స్పష్టంగా, వెనక గుమ్మం మసకగా. మసక వెనకాల ఏ ఇల్లైనా ఒకటే. అదే ఎఫ్ 4 దగ్గర పెట్టి మూడు మీటర్ల మీద ఫోకస్ చేస్తే, రెండు మీటర్ల నుంచి ఐదున్నర మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. మా గదులన్నీ ఆ లోపే అయిపోతాయి. షట్టర్ 1/30 మీద గోడకి ఆని ఊపిరి బిగబట్టుకుంటే చాలు. రేంజ్‌ఫైండర్‌లో ఎగిరిపడే అద్దం లేదు కాబట్టి చెయ్యి వణుకు కూడా తక్కువే. ఎలాగూ ఎఫ్ 4 దగ్గర వాడేదానికి ఎఫ్ 2కి డబ్బు ఎందుకు?

కలర్ స్కోపార్ చీటీ చదివించుకున్నాను. ర్యోహిన్. కూమోరి లేదు, కాబి లేదు, పైన ఒక గీత. టార్చి వేసి నేనూ చూశాను. 48 వేల యెన్‌లు. తర్వాత 28 ఫైండర్ చూపించమన్నాను. గోటిమీద నిలబడేంత గాజు ముక్క, లోహపుది లెన్స్‌లో సగం ధర చెప్పారు. ప్లాస్టిక్‌ది ఉందా అంటే ఉంది. కళ్లద్దాలతో చూశాను. నాలుగు మూలలూ కనిపించాయి. ప్లాస్టిక్‌దే తీసుకున్నాను. ఫోకస్ ఒక కిటికీలో, ఫ్రేము ఇంకో కిటికీలో చూడాలి, అదొక్కటే అలవాటు కావాలి. ఆ మర్నాడు నిషి కసాయ్‌లో మనవాళ్లు నలుగురు అద్దెకుంటున్న ఫ్లాట్‌కి భోజనానికి వెళ్లి, వంటగదిలో అలవాటు చేసుకున్నాను. ముగ్గురు నిలబడితే నాలుగోవాడు బయటికి వెళ్లాల్సిన వంటగది. పప్పు తాలింపు వేస్తున్న చెయ్యి, వెనక అన్నం కుక్కర్, దాని పక్కన ఇంకొకడి మోచెయ్యి. స్కాన్‌లో చూస్తే వంటగది వంటగదంతే ఉంది. సోమవారం 21ని తోలు సంచిలో పెట్టి తిరిగిచ్చేస్తూ ఆ ఫొటో కూడా చూపించాను. సీనియర్ చాలాసేపు చూసి, ‘వేడిగా ఉంది’ అన్నారు. పప్పు గురించి అన్నారో ఫొటో గురించి అన్నారో అడగలేదు.

ఆరు రోల్స్ కొన్నాను, ఐఎస్ఓ 400. ఒక్కోదానికి 36 లెక్కన 216 ఫొటోలు. ఎయిర్‌పోర్టుల్లో కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు ఫిల్మ్‌ని పాడుచేస్తాయి. అందుకే రోల్స్‌ని డబ్బాల్లోంచి తీసి ఒక పారదర్శక సంచిలో వేసుకున్నాను, చేత్తో చెక్ చేయమని అడగడానికి. లగేజీలో మాత్రం ఎప్పుడూ వేయకండి, అక్కడ కిరణాల జోరు ఇంకా ఎక్కువ.

ఇంక ఒక్క పని మిగిలింది. పదిహేను అడుగులన్నది నా గుర్తే కదా. చిన్నప్పటి కొలతల్ని నమ్మలేం, అప్పుడు అన్నీ పెద్దగానే కనిపిస్తాయి. బాబాయి కొడుక్కి ఫోన్ చేసి, వసారా గోడ నుంచి ఎదుటి అంచు దాకా టేపు పెట్టి కొలవమన్నాను. వాడు వడ్రంగి దగ్గర టేపు తెచ్చి, ఒక చివర మామ్మ చేతికిచ్చి కొలిచాడు. పదిహేను అడుగుల నాలుగంగుళాలు.

కెమెరాకీ నా తలకాయకీ అడుగు పోయినా, సరిపోతుంది.